వేలెడు భూమి: జావా పల్లెలో పొలం ధరకూ పొలం మీది బతుకుకూ పెరిగిన ఎడం

మధ్య జావా పల్లెల్లో మాగాణిని ఇప్పటికీ ఉబిన్లలో చెప్పే రైతులున్నారు. ఒక ఉబిన్ అంటే సుమారు 14 చదరపు మీటర్లు, మన సెంటులో మూడో వంతుకు కాస్త పైన. అలాంటివి 500 కలిస్తే ఒక బావు, అంటే ఎకరం ముప్పావు. పూర్తి బావు ఉన్న కుటుంబం ఊళ్లో పెద్ద రైతు కుటుంబం కిందే లెక్క. చాలామందికి ఉన్నది అందులో నాలుగో వంతో, ఎనిమిదో వంతో. అదీ లేనివారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అర హెక్టారు కన్నా తక్కువ సాగు ఉన్న కుటుంబాన్ని ఇండోనేషియా వ్యవసాయ గణన 'గురెం' అని నమోదు చేస్తుంది. ఆ మాటకు అసలు అర్థం కోళ్లకు పట్టే అతి చిన్న పేను. 2013లో దేశంలో ఇలాంటి కుటుంబాలు 1 కోటి 42 లక్షలు. 2023 గణన నాటికి 1 కోటి 69 లక్షల దగ్గరకు చేరాయి. వీరిలో ఎక్కువ మంది ఉన్నది జావాలోనే.

జావా ద్వీపం విస్తీర్ణం సుమారు 1,29,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ కన్నా కొంచెం పెద్దది, ఆంధ్రప్రదేశ్ కన్నా చిన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ నేల మీద 15 కోట్ల 16 లక్షల మంది ఉన్నారు. జావాకు రెండింతలున్న మన రెండు రాష్ట్రాల్లో కలిపి 2011లో ఉన్నది 8 కోట్ల 46 లక్షలు. ఇంత ఒత్తిడిలోనూ జావా పల్లె ఆకలితో అలమటించే పల్లెలా కనబడదు. అగ్నిపర్వతాల బూడిదతో బలిసిన నేల, కొండవాగుల నీళ్లు, ఏడాదికి రెండు పంటలు, నీరు బాగా ఉన్నచోట మూడు. పెంకుటిళ్లు, ఊడ్చిన వాకిళ్లు, ప్రతి ఇంటి ముందూ ఒక మోటారు సైకిలు. ఆ నెమ్మదీ ఆ ఒద్దికా కల్పితం కావు. కానీ ఈ పచ్చదనం వెనక ముప్పై నలభై ఏళ్లుగా ఒక మార్పు నడుస్తోంది. పొలం ధర ఒక దారిలో, పొలం మీద బతికే బతుకు మరో దారిలో వెళుతున్నాయి. భూమి విలువ పెరిగిందంటే పల్లె బాగుపడిందని అనుకోవడం ఎంత పొరపాటో జావా చూపినంత స్పష్టంగా చూపే ప్రాంతాలు అరుదు.

ఒక చిన్న లెక్కతో మొదలుపెట్టవచ్చు. పావు హెక్టారు సావా, అంటే 62 సెంట్ల మాగాణి ఉన్న కుటుంబాన్ని తీసుకుందాం. హెక్టారుకు ఆరు టన్నుల పచ్చి ధాన్యం అనుకుంటే వీరికి పంటకు టన్నున్నర వస్తుంది. 2025లో ఇండోనేషియా ప్రభుత్వం ప్రకటించిన కొనుగోలు ధర కిలోకు 6,500 రూపియాలు. భారత రూపాయికి సుమారు 190 రూపియాల చొప్పున చూస్తే కిలో 34 రూపాయలు. అదే ఏడాది మన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలే. కాబట్టి జావా రైతు కష్టానికి ధాన్యం ధర కారణం కాదు. పంటకు 97 లక్షల 50 వేల రూపియాలు చేతికొస్తాయి. దున్నకం, నాట్లు, ఎరువులు, కోత పోగా సగం మిగిలితే గొప్ప. రెండు పంటలకూ కలిపి ఏడాదికి మిగిలేది 97 లక్షల 50 వేలు, మన డబ్బులో 51 వేల రూపాయలు. మధ్య జావాలో అతి తక్కువ కనీస వేతనం ఉన్న బంజార్‌నెగారా జిల్లాలో 2025లో ఆ వేతనం నెలకు 21 లక్షల 70 వేల రూపియాలు. ఒక్క మనిషి అక్కడ ఏ మిల్లులోనో ఆ జీతానికి కుదిరినా ఏడాదికి 2 కోట్ల 60 లక్షలు వస్తాయి. కుటుంబమంతా కలిసి పొలంలో సంపాదించేదానికి ఇది రెండున్నర రెట్లకు పైనే.

ఇప్పుడు ధర వైపు చూద్దాం. అదే పొలం తారురోడ్డు పక్కన ఉండి, చదరపు మీటరు 3 లక్షల రూపియాలు పలుకుతోందనుకుంటే మొత్తం ధర 75 కోట్ల రూపియాలు. పంట మిగులుతో ఆ ధర తీర్చాలంటే 77 ఏళ్లు పడుతుంది. ఈ లెక్క తెలిసిన ఏ రైతూ పొలం చేసుకోవడానికని అక్కడ పొలం కొనలేడు. కొనేవాడు మరి దేనికోసమో కొంటాడు. ఇల్లు కట్టడానికి, గోదాము పెట్టడానికి, ఉంచి అమ్మడానికి, బ్యాంకులో కుదువ పెట్టడానికి. పొలం పేరు పొలమే, కానీ దాని ధరను తేల్చేది అందులో పండే పంట కాదు.

జావా ఊరి నేలంతా ఒకే రకం కాదు. నీటి కింద పండే సావా, మెట్టపంటల తెగల్, ఇంటి చుట్టూ ఉండే పెకరంగన్ అని మూడు రకాలు. వీటిలో బయటివారి కంటికి ఆననిది పెకరంగన్. కొబ్బరి, అరటి, పనస, వెదురు, బొప్పాయి, ఆకుకూరలు, నాలుగు కోళ్లు, వెనక మేకల కొట్టం. సావా లేని కుటుంబం కూడా ఈ పెరడు ఉంటే నెలకు కొన్ని రోజులైనా బజారు ముఖం చూడకుండా గడుపుతుంది. పిల్లలు వేరుపడినప్పుడు ఇళ్లు లేచేది మాత్రం ఈ పెరట్లోనే. అందువల్ల పల్లె బీదలకు అండగా ఉన్న నేల ఎవరూ గమనించకుండానే తరిగిపోతోంది.

ఇవి కాక ఊరి ఉమ్మడి భూములున్నాయి. తెలుగువారికి బాగా అర్థమయ్యేది 'బెంగ్‌కోక్'. ఊరి పెద్దకూ, గుమాస్తాకూ, నీళ్లు పంచే ఉలు-ఉలుకూ జీతం బదులు అనుభవించమని ఇచ్చే భూమి అది. కరణం మాన్యం, మునసబు మాన్యం, నీరటికాడి మాన్యం అని మన ఊళ్లలో చెప్పుకున్నవి ఇవే. మన దగ్గర అవి పాతతరం జ్ఞాపకాలు. జావాలో ఇంకా సజీవంగా ఉన్నాయి. 2014 గ్రామ చట్టం తరవాత వీటిని ఊరి ఆస్తిగా లెక్కించి, అధికారులకు వేరే జీతం ఏర్పాటు చేశారు. అయినా చాలా ఊళ్లలో బెంగ్‌కోక్ మీద వచ్చే ఆదాయం అధికారులకే అదనంగా అందుతోంది. ఊరిపెద్ద పదవికి అక్కడ జరిగే ఎన్నికల పోటీకి ఈ భూమి ఒక పెద్ద కారణం. 2024లో ఆ పదవీకాలాన్ని ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెంచారు. అంటే భూమి అనుభవమూ ఎనిమిదేళ్లే.

పొలం ఉన్నవాడే పొలం చేస్తాడన్న నియమం లేదు. 'మరో' అంటే పంట చెరిసగం. 'మెర్తెలు' అంటే చేసినవాడికి మూడో వంతు. ఏడాది కౌలు వేరు, 'గదై' వేరు. గదై మన భోగ్యం తాకట్టు లాంటిది. అప్పు తీరేదాకా అప్పిచ్చినవాడు పొలం పండించుకుంటాడు. పంట పంచుకునే ఈ పాలు సాగు మీద 1960లో తెచ్చిన చట్టం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనీ, మాగాణికి కనీసం మూడేళ్లు ఉండాలనీ అంది. పల్లెలో జరిగేది నోటిమాట మీద. పాలుకు తీసుకున్నవాడు యజమానికి తమ్ముడో, వేలువిడిచిన బంధువో, పక్కింటివాడో అయి ఉంటాడు. ఆ నోటిమాటలో ఆప్యాయత ఉంటుంది, హక్కు ఉండదు. యజమాని అమ్మిన రోజున ఆ తేడా తెలుస్తుంది.

భూమి లేనివారికి, అందులోనూ ఆడవారికి, ఒకప్పుడు పొలంలో ఒక వాటా ఉండేది. దాన్ని 'బవొన్' అంటారు. కోతకు వచ్చినవారు కోసినదానిలో ఎనిమిదో పాలో పదో పాలో ధాన్యంగా తీసుకెళ్లేవారు. అరచేతిలో ఇమిడే అని-అని అనే చిన్న కత్తితో ఒక్కో కంకినీ తుంచేవారు. వరి తల్లి దేవి శ్రీ కత్తిని చూసి బెదరకూడదని దాన్ని వేళ్ల మధ్య దాచి పట్టుకునేవారు. పేరు వినగానే తెలుస్తుంది, ఆవిడ మన శ్రీదేవే. ఊళ్లో ఎవరి పొలంలో కోత జరిగినా వెళ్లి కోసుకోవచ్చు, పొమ్మనడం తప్పు. 1960ల చివర పొట్టి వరి వంగడాలు వచ్చాక అని-అని పోయి కొడవలి వచ్చింది. ఆ వెనకే 'తెబసన్' వచ్చింది. రైతు పైరును నిలువుగానే బేరగాడికి అమ్మేస్తాడు, బేరగాడు తన ముఠాతో కోయించుకుంటాడు. బేరగాడికి ఊరి మొహమాటం లేదు. ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాయి. వాటా అడిగే చేతులే పొలంలో లేవు. ఈ మార్పును ఉత్పాదకత పెరుగుదలగా రాసే నివేదికల్లో ఆ ఆడవారి పదో పాలు ఎటు పోయిందన్న ప్రశ్న కనబడదు. ఇక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

ఆ పొట్టి వరి కథలో మనకూ జావాకూ చుట్టరికం ఉంది. ఆ పొట్టి వంగడాల్లో పేరుమోసిన ఐఆర్ 8 తల్లిదండ్రుల్లో ఒకటి ఇండోనేషియా వంగడం పెటా. 1967లో ఆ ఐఆర్ 8ను పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో పండించి దేశమంతటా పేరు తెచ్చినవారు నెక్కంటి సుబ్బారావు. తరవాతి తరంలో ఐఆర్ 64 వచ్చింది. జావా సావాలను ఏలిన చిహెరాంగ్ వంగడం దాని సంతతే. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1010, అదే కాటన్ దొర సన్నాలు, దాని బిడ్డే. ఒకే విత్తనపు రక్తం రెండు నేలల్లోనూ పారింది. కానీ గోదావరి రైతుకు ఎకరాల మీద వచ్చిన మిగులు జావా రైతుకు ఉబిన్ల మీద రాలేదు.

భూమిని పంచే ప్రయత్నం జరగలేదని కాదు. 1960 సెప్టెంబరు 24న ఇండోనేషియా మూల వ్యవసాయ భూమి చట్టాన్ని తెచ్చింది. వలసకాలపు రెండు రకాల భూమి హక్కులను రద్దుచేసి ఒకే హక్కుల వ్యవస్థ ఏర్పరచింది. అదే ఏడాది వచ్చిన గరిష్ఠ పరిమితి శాసనం జనసాంద్రత అత్యధికంగా ఉన్న జిల్లాల్లో కుటుంబానికి 5 హెక్టార్ల మాగాణికి మించి ఉండరాదంది. ప్రతి రైతు కుటుంబానికీ కనీసం 2 హెక్టార్లు ఉండాలన్నది దాని ఆశయం. మిగులు భూమిని చూపడంలో యజమానులు జాప్యం చేశారు. కొందరు బంధువుల పేర్లకు మార్చారు, కొందరు మతసంస్థలకు రాసిచ్చారు. 1963 చివర నుంచి కమ్యూనిస్టు పార్టీకి అనుబంధమైన రైతుసంఘం పేదలను వెంటబెట్టుకుని తనంత తానే భూములు ఆక్రమించే ఉద్యమం మొదలుపెట్టింది. క్లాటెన్, బొయొలాలి, కెదిరి, బన్యువంగి ప్రాంతాల్లో ఘర్షణలు ముదిరాయి. కమ్యూనిస్టుల మీద సాగిన 1965-66 హత్యాకాండలో దేశంలో కనీసం 5 లక్షల మంది చనిపోయారు. మధ్య జావా, తూర్పు జావా, బాలి రక్తసిక్తమయ్యాయి. పంచిన భూముల్లో చాలా భాగం తిరిగి పాత చేతుల్లోకి వెళ్లింది. ఆ తరవాత మూడు దశాబ్దాలు పల్లెలో భూమి మాట ఎత్తడమంటే కమ్యూనిస్టు ముద్ర కొని తెచ్చుకోవడమే. నేటి జావా రైతు భూసంస్కరణ గురించి గట్టిగా మాట్లాడకపోవడాన్ని సహజమైన నెమ్మదితనంగా వర్ణించేవారు ఈ భయాన్ని మరిచిపోతున్నారు.

చట్టాలు మాత్రం పుస్తకాల్లో ఉన్నాయి, అవి మంచివి కూడా. 1961 నియమావళి ప్రకారం పొలం ఉన్న తాలూకాలో నివసించనివారు ఆ పొలాన్ని సొంతం చేసుకోరాదు. 1960 గరిష్ఠ పరిమితి శాసనం ప్రకారం అమ్మకం ద్వారా 2 హెక్టార్ల కన్నా చిన్న ముక్కలు చేయరాదు. అయితే వారసత్వ పంపకాన్ని మినహాయించింది. జావాలో నేల ముక్కలయ్యేదే వారసత్వం వల్ల. తూమును కట్టి ఏరును వదిలేసినట్టయింది. పట్నంవాసి పొలం కొనకూడదన్న నియమాన్ని ఊళ్లోని ఒకరి పేరు మీద కొని దాటేస్తారు. 2009లో ఆహార పంటల భూముల రక్షణ చట్టం వచ్చింది. దాని కింద ఏ పొలాన్ని రక్షిత భూమిగా గుర్తించాలన్నది జిల్లా పాలకుల చేతిలో ఉంది. రక్షిత ముద్ర పడితే పొలం ధర పడిపోతుందన్న భయంతో రైతులు కూడా దానికి ఒప్పుకోరు. వారిని తప్పుపట్టలేం. దేశానికి బియ్యం కావాలన్న బాధ్యతను పావు హెక్టారు మనిషి తన ఒక్కగానొక్క ఆస్తి విలువతో చెల్లించాలనడం న్యాయం కాదు.

ఇక కాగితాల సంగతి. తరతరాలుగా ఊరి దఫ్తరంలో 'లెటర్ సి' పుస్తకం, రైతు చేతిలో గిరిక్ లేదా పెతొక్ అనే పన్ను చీటీ ఆధారాలు. మన పాత శిస్తు రసీదుల్లా అవి పన్ను కట్టినట్టు చూపేవి, హక్కు పత్రాలు కావు. 2017 నుంచి ప్రభుత్వం పెద్దయెత్తున సామూహిక నమోదు చేపట్టింది. ఊరు ఊరంతా ఒకేసారి కొలిచి సర్టిఫికెట్లు ఇస్తారు. జావాలో రైతు నుంచి వసూలు చేయదగిన సన్నాహక ఖర్చు 1,50,000 రూపియాలకు మించరాదని నియమం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన నియమావళి పాత చీటీలను అయిదేళ్లలోగా నమోదు చేసుకోవాలని గడువు పెట్టింది. ఆ గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది.

సర్టిఫికెట్ వల్ల హద్దు తగాదాలు తగ్గుతాయి, ఊరిపెద్ద దయ మీద ఆధారపడవలసిన పని ఉండదు. ఇది చిన్న మేలు కాదు. దానితోపాటు పొలం బ్యాంకు గుమ్మం ఎక్కుతుంది. సర్టిఫికెట్‌ను కుదువ పెట్టడాన్ని ఇండోనేషియాలో 'బడికి పంపడం' అంటారు. బడికి వెళ్లింది చదువుకుని తిరిగి వస్తుందన్న ఆశ ఆ మాటలో ఉంది. పిల్లవాడి పెళ్లికో, మోటారు సైకిలుకో, కొడుకును విదేశానికి పంపే దళారీ ఖర్చుకో వెళ్లిన సర్టిఫికెట్లు అన్నీ తిరిగి రావు. మరో చిక్కు ఇంకా లోతైనది. జావా ఆచారంలో పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి భార్యాభర్తలిద్దరిది, దాన్ని గోనో-గిని అంటారు. కూతుళ్లకు వాటా ఉంది. కొన్నిచోట్ల సమానంగా, కొన్నిచోట్ల కొడుక్కి కావడి రెండు బుట్టలూ కూతురికి వీపు మీది ఒక మూటా అన్న సామెత ప్రకారం. తల్లిదండ్రులను చూసుకున్న చివరి బిడ్డకు ఇల్లు. ఇన్ని పొరలున్న హక్కు కాగితం మీదికి వచ్చేసరికి తరచూ ఒక్క మగపేరుగా మిగులుతుంది.

ధరకూ బతుకుకూ ఎడం ఎంతవరకు వెళ్లగలదో చూపిన ఊరు తూర్పు జావా తుబాన్ జిల్లాలోని సుముర్‌గెనెంగ్. చమురుశుద్ధి కర్మాగారం కోసం ప్రభుత్వ చమురు సంస్థ అక్కడ పొలాలు సేకరించింది. చదరపు మీటరుకు 6 లక్షల రూపియాలు, ఆపైన ఇచ్చారు. మన లెక్కలో ఎకరం కోటి పాతిక లక్షలు. 2021 ఫిబ్రవరిలో ఆ ఊరి దారిలో లారీల మీద వరుసగా కొత్త కార్లు దిగుతున్న దృశ్యాలు ఇండోనేషియా అంతా చూసింది. ఒక్క ఊళ్లో 170కి పైగా కార్లు కొన్నారని పత్రికలు రాశాయి. కోటీశ్వరుల పల్లె అని పేరు పెట్టారు. ఏడాది తిరక్కుండా, 2022 జనవరిలో, అదే ప్రాంతం వారు ఉద్యోగాలిమ్మని నిరసనకు దిగారు. పొలం అమ్మిన ఒక వృద్ధరైతు తిండి కోసం ఆవులను అమ్ముకుంటున్నానని చెప్పిన మాటలు వార్తల్లో వచ్చాయి. చాలామంది దీన్ని డబ్బు వాడుకోవడం తెలియని పల్లెటూరివారి కథగా చెప్పారు. ఆ తీర్పు తప్పు. వారిలో కొందరు వేరేచోట పొలం కొన్నారు, కొందరు ఇళ్లు కట్టారు. అసలు సమస్య డబ్బుది కాదు. మొక్కజొన్నో మిరపో వేసి ప్రతి సీజనులో పని దొరికే వ్యవస్థ పోయి, దాని స్థానంలో ఒక్కసారి వచ్చే మొత్తం మిగలడం. రైతుకు పొలం బ్యాంకు ఖాతా మాత్రమే కాదు, రోజూ పొద్దున లేచి వెళ్లే చోటు కూడా.

అమ్మినవారి కథైనా చెప్పుకున్నారు. ఆ పొలాల్లో కూలికి వెళ్లినవారి కథ ఎవరూ చెప్పలేదు. 2012 భూసేకరణ చట్టం కింద పరిహారం హక్కుదారులకు అందుతుంది. నోటిమాట మీద పాలుకు చేసేవారికీ కూలీలకూ ఆ జాబితాలో చోటు దొరకడం కష్టం. అమరావతి భూసమీకరణలో భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. అది చాలని చెప్పడం లేదు. ఆ కుటుంబాలు ఉన్నాయని కాగితం మీద ఒప్పుకోవడం మాత్రం జరిగింది.

ధర పెరగడం అమ్మనివారిని కూడా తాకుతుంది. 2025లో మధ్య జావా పతి జిల్లా పాలకులు భూమి, ఇళ్ల పన్నును గరిష్ఠంగా 250 శాతం దాకా పెంచారు. జనం కోపం చూసి ఆ పెంపును రద్దు చేయక తప్పలేదు. పెంపును రద్దు చేయక తప్పలేదు. అక్కడి రైతుకు దిగుబడి 250 శాతం పెరగలేదు. పొలం విలువ కాగితం మీద పెరిగింది, దాని మీద పన్ను మాత్రం చేతి డబ్బుతో కట్టాలి.

ఇవన్నీ ఉన్నా పల్లెను వదలని జనం ఎందుకు ఉన్నారన్నదానికి జవాబు లెక్కల్లో దొరకదు. జావా ఊళ్లో ఇల్లు లేపేటప్పుడు పొరుగువారు కూలి లేకుండా వచ్చి సాయం చేసే 'సంబతన్' ఉంది. శుభాశుభాలకు ఆడవారంతా చేరి వండే 'రెవంగ్' ఉంది. క్షేమం కోరి పెట్టే స్లమెతన్ విందులు, రాత్రి కాపలా వంతులు ఉన్నాయి. పెళ్లికి 'న్యుంబంగ్' ఉంది. మన చదివింపులే. ఎవరెంత ఇచ్చారో రాసుకుంటారు, వారింట పెళ్లికి తిరిగి ఇస్తారు. పెళ్లిళ్ల నెలల్లో ఈ బరువుకు అప్పు చేసేవారూ ఉంటారు. అయినా దీన్ని వృథా ఖర్చని కొట్టిపారేయడానికి లేదు. పింఛను లేని మనిషికి జబ్బు చేసినప్పుడు వచ్చి నిలబడేది ఈ పద్దులోని పేర్లే. ఊరి పొలం అమ్ముకుని వెళ్లిపోయినవాడు నేలతోపాటు ఆ పద్దును కూడా వదులుకుంటాడు.

పల్లె తన ఉమ్మడి ఆస్తిని నిలుపుకుంటే ఏం జరుగుతుందో క్లాటెన్ జిల్లా పొంగ్గొక్ చూపింది. ఊరి నీటి ఊటను 2009లో పెట్టిన గ్రామ సంస్థ చేతికిచ్చి, నీటి అడుగున ఫొటోలు దిగే విహారస్థలంగా మార్చారు. గ్రామస్థులు వాటాలు పెట్టారు, ఆదాయంలో కొంత చదువులకూ వైద్యానికీ వెళ్లింది. ప్రతి ఊరికీ అలాంటి ఊట ఉండదు. పొంగ్గొక్‌ను నమూనాగా చూపుతూ జావా అంతటా గ్రామ సంస్థలు పెట్టిస్తున్నవారు ఈ చిన్న విషయం గుర్తుంచుకోవాలి. అదే క్లాటెన్‌లో సోలో-యోగ్యకర్త టోల్ రోడ్డు పొలాల మీదుగా వెళ్లింది. దాని మొదటి భాగం 2024లో వాడుకలోకి వచ్చింది. రోడ్డు పక్క పొలం ధర పెరిగింది. రెండు ముక్కలుగా చీలిన పొలానికి నీళ్లు ఏ వైపు నుంచి రావాలో తేల్చడం ఉలు-ఉలుకు కొత్త తలనొప్పి.

ఉత్తర తీరంలో భూమి ఉండగానే ఆస్తి పోతోంది. దెమాక్ జిల్లా సయుంగ్ ప్రాంతంలో నేల కుంగి సముద్రం లోపలికి వచ్చింది. వరిపొలాలు మొదట చేపల చెరువులయ్యాయి, తరవాత సముద్రంలో కలిశాయి. ఇళ్ల నేలను మట్టితో ఎత్తుచేస్తూ పోగా తలుపులు నడుం ఎత్తుకు మిగిలాయి. 1960 మూల వ్యవసాయ భూమి చట్టంలోని 27వ అధికరణం ప్రకారం భూమి నశిస్తే దాని మీద హక్కు కూడా అంతమవుతుంది. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా దాని కింద చెప్పుకునే నేల ఉండదు. కుంగుబాటుకు ఆ రైతు కారణం కాకపోయినా నష్టమంతా అతనిదే. ఈ ఒక్క అధికరణాన్నైనా కొత్తగా ఆలోచించాలి.

జావా పచ్చదనం చూసి అక్కడ ఇల్లు కట్టుకోవాలనుకునే విదేశీయులు ఉంటారు. ఇండోనేషియాలో ఉద్యోగాలు చేసే మనవారికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. పూర్తి యాజమాన్య హక్కు, అంటే హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. నివాస అనుమతి ఉన్న విదేశీయుడు నియమిత కాలానికి వాడుక హక్కు మీద ఇల్లు పొందవచ్చు, పొలం కాదు. స్థానికుడి పేరు మీద కొని లోపాయికారీ ఒప్పందం రాసుకోవడం ఆ 1960 మూల చట్టం 26వ అధికరణం ప్రకారం చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది. స్థానికులను పెళ్లాడినవారికి ఆస్తిని వేరుగా ఉంచే ఒప్పందం ముఖ్యం. దాన్ని పెళ్లి తరవాత కూడా రాసుకోవచ్చని రాజ్యాంగ న్యాయస్థానం 2016లో తీర్పు చెప్పింది. ఈ కట్టడి లేకపోతే విదేశీ డబ్బు ముందు ఉబిన్ల రైతు నిలబడలేడు.

'సదుముక్ బతుక్, సన్యరి బూమి' అని జావా సామెత. నుదుటి మీద వేలి తాకిడంత పరువు, వేలి వెడల్పంత భూమి, రెండింటి కోసం ప్రాణమైనా ఒడ్డాలి. బూమి అన్న మాట మనదే. కెండెంగ్ కొండల్లో సిమెంటు కర్మాగారాన్ని ఎదిరించిన రైతు స్త్రీలు 2016లో జకార్తా అధ్యక్ష భవనం ఎదుట తమ పాదాలను సిమెంటు పెట్టెల్లో బిగించుకుని కూర్చున్నది ఆ వేలెడు భూమి కోసమే. కానీ ఎక్కువ భూమి చేతులు మారేది పోరాటాల మధ్య కాదు. 2023 గణనలో రైతుల్లో సుమారు పదిలో ఏడుగురు 43 ఏళ్లు పైబడినవారు. వారి పిల్లలు బెకాసి, తంగెరాంగ్ కర్మాగారాల్లో ఉన్నారు. పొనొరొగొ, తులుంగగుంగ్, చిలచప్ జిల్లాల ఆడపిల్లలు హాంకాంగ్, తైవాన్ ఇళ్లలో పనిచేస్తున్నారు. కడప, కోనసీమ నుంచి కువైట్ వెళ్లిన మన ఆడవారిలాగే వారు పంపే డబ్బుతో ఊళ్లో పలకరాళ్ల ఇళ్లు లేచాయి. రంజాన్ పండగకు అందరూ ఇల్లు చేరతారు. తల్లిదండ్రుల సమాధుల మీద పూలు చల్లాక, ముందుగదిలో చాప పరిచి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పావు హెక్టారును నలుగురికి పంచాలా, అమ్మి డబ్బు పంచుకోవాలా అని మాట్లాడుకుంటారు. వచ్చే పదిహేను ఇరవై ఏళ్లలో జావా మాగాణి భవిష్యత్తు తేలేది ఇలాంటి లక్షల ముందుగదుల్లో. ఆ పొలాన్ని పదేళ్లుగా పాలుకు చేస్తున్న పొరుగువాడు పండగ పలకరింపుకు వచ్చి, టీ తాగి, ఆ మాట మొదలవకముందే లేచి వెళ్లిపోతాడు.